టెక్ సందేహాలు: డీజే స్టేజి మీద తడబడని లాప్‌టాప్ ఏది?

ప్రశ్న: రెండేళ్లుగా ఇంట్లో చిన్న కంట్రోలర్ (లాప్‌టాప్‌కు తగిలించే మిక్సింగ్ పలక) మీద డీజేయింగ్ సాధన చేస్తున్నాను. ఈమధ్య పార్టీలకు పిలుస్తున్నారు. కొత్త లాప్‌టాప్ కొనాలి. ఒకరు గేమింగ్ లాప్‌టాప్ తీసుకోమంటారు, ఇంకొకరు మ్యాక్ తప్ప ఏదీ వద్దంటారు. అసలు ఏం చూసి కొనాలి?

జవాబు: ముందుగా ఒక చిన్న లెక్క చెప్తాను. అది అర్థమైతే ఎవరేం చెప్పినా మీరు తికమకపడరు.

డిజిటల్ పాటలో సాధారణంగా సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే శబ్దపు చిన్న కొలతలు, ఉంటాయి. డీజే సాఫ్ట్‌వేర్ వాటిని ఒక్కొక్కటిగా పంపదు, గుత్తులుగా కట్టి సౌండ్ కార్డుకు అందిస్తుంది. ఆ గుత్తి పరిమాణాన్నే బఫర్ అంటారు. బఫర్ 256 శాంపిళ్లు అని పెట్టుకుంటే ఒక్కో గుత్తికి దొరికే సమయం 5.8 మిల్లీసెకండ్లు. ఆలోపే రెండు డెక్‌ల (పాటలు వాయించే ప్లేయర్ల) పాటలూ చదవాలి, టెంపో మార్చాలి, కీ (శ్రుతి) చెదరకుండా నిలపాలి, ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దుబాటు), ఎఫెక్ట్‌లు కలపాలి. ఇలా సెకనుకు 172 సార్లు. నాలుగు గంటల షోలో దాదాపు 25 లక్షల సార్లు. వాటిలో ఒక్కసారి ఆలస్యమైనా స్పీకర్లలో టప్‌మని వినిపిస్తుంది. వీడియో ఎడిటింగ్‌లో లాప్‌టాప్ అరసెకను ఆగితే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం డ్యాన్స్ చేస్తున్న వాళ్లందరూ తలెత్తి చూస్తారు.

అందుకే డీజే లాప్‌టాప్‌కు గరిష్ఠ వేగం కంటే నిలకడ ముఖ్యం. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత ఈ విషయంలో అక్షరాలా నిజం.

ఇంతకీ ఆ ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు తప్పు ప్రాసెసర్‌ది కాదు, డ్రైవర్లది, అంటే ఒక్కో పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్‌లది. వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో, బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే డ్రైవరో మధ్యలో దూరి ప్రాసెసర్‌ను తన పనికి లాక్కుంటుంది. మనకు కనురెప్పపాటు కూడా కాని ఆ సమయం ఆడియోకి చాలా ఎక్కువ. విండోస్‌లో దీన్ని డీపీసీ లేటెన్సీ అంటారు. ఒకసారి స్నేహితుడి షోలో పక్కనే నిలబడి ఉన్నాను. ప్రతి రెండు మూడు నిమిషాలకూ చిటపటమని శబ్దం. కేబుల్ మార్చాం, కంట్రోలర్ మార్చాం, తగ్గలేదు. వైఫై ఆపగానే ఆగిపోయింది. అంతసేపూ మేమిద్దరం పడిన టెన్షన్ మీరు పడకూడదనే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఈ సంగతి స్పెసిఫికేషన్ల పట్టికలో ఎక్కడా ఉండదు. ఒకే ప్రాసెసర్, ఒకే ర్యామ్ ఉన్న రెండు మోడళ్లలో ఒకటి వెన్నలా నడుస్తుంది, రెండోది టప్పుటప్పుమంటుంది. కాబట్టి నచ్చకపోతే తిరిగి ఇచ్చే గడువు ఉన్నచోటే కొనండి. విండోస్ అయితే ఇంటికి తెచ్చిన రోజే లేటెన్సీమాన్ అనే టూల్ వేసి 20 నిమిషాలు నడపండి. ఏ డ్రైవర్ ఎంతసేపు ఆపుతోందో పేరుతో సహా చూపిస్తుంది. ఆ తర్వాత మీ కంట్రోలర్ తగిలించి, ఆపకుండా రెండు మూడు గంటలు మిక్స్ చేయండి. గడువులోపే ఈ పరీక్ష అయిపోవాలి.

ఇక లోపలి భాగాలు. మామూలు మిక్సింగ్‌కు గత నాలుగైదేళ్లలో వచ్చిన మధ్యస్థాయి ప్రాసెసర్ ఏదైనా చాలు: ఇంటెల్ ఐ5, ఏఎండీ రైజెన్ 5, యాపిల్ ఎం1 లేదా ఆ తర్వాతివి. ఎక్కువ కోర్‌లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) ఉన్నదాని కంటే ఒక్కో కోర్ చురుగ్గా ఉన్నది ఎంచుకోండి, ఎందుకంటే ఆడియో పనిలో చాలాభాగం ఒకదాని వెనక ఒకటి జరిగేదే, దాన్ని ముక్కలు చేసి పంచడం కష్టం. ర్యామ్ 16 జీబీ ఉండాలి. 8 జీబీతో నడవదని కాదు, కానీ చాలా లాప్‌టాప్‌లలో ఇప్పుడు ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది, తర్వాత పెంచుకోలేరు. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. నాలుగు నిమిషాల పాట 320 కేబీపీఎస్ ఎంపీ3లో 10 ఎంబీకి కాస్త తక్కువ, వేవ్ ఫైల్ అయితే 42 ఎంబీ. అంటే వెయ్యి వేవ్ పాటలకు 42 జీబీ. 512 జీబీ డిస్కు ఉంటే చాలాకాలం ఇబ్బంది ఉండదు.

ఒక మినహాయింపు ఉంది. పాట నడుస్తుండగానే గొంతునీ వాద్యాలనీ విడదీసే స్టెమ్స్ మీరు వాడేటట్టయితే లెక్క మారుతుంది. వర్చువల్ డీజే, సెరాటో, డీజే ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లన్నిటిలోనూ ఈ సదుపాయం ఉంది. ఇది నిజంగా బరువైన పని. అప్పుడు ఒక మెట్టు పైనున్న ప్రాసెసర్ తీసుకోవడం న్యాయమే. లేదా షోకు ముందే ఇంట్లో ఆ పాటలకు స్టెమ్స్ తయారు చేసి పెట్టుకోండి. నేనైతే రెండో దారే పడతాను.

గేమింగ్ లాప్‌టాప్ సంగతి. చల్లబరిచే ఏర్పాటు బాగుంటుంది, పోర్టులు ఎక్కువ. కానీ చాలావాటిలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి, అవి ఒకదాని నుంచి ఇంకొకదానికి మారేటప్పుడు నేను పైన చెప్పిన ఆలస్యాలు వచ్చే అవకాశం ఎక్కువ. ఛార్జర్ ఊడిందంటే వేగం బాగా పడిపోతుంది. డీజే సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌ఫామ్‌లు గీయడానికి ప్రాసెసర్‌తో వచ్చే మామూలు గ్రాఫిక్స్ చాలు. ఇప్పటికే ఒకటి మీ దగ్గర ఉంటే వాడుకోండి, డీజే కోసమే కొనకండి.

మ్యాక్ వాళ్లు చెప్పేదాంట్లో నిజముంది. ఆడియోను చూసుకునే 'కోర్ ఆడియో' అనే భాగం సిస్టమ్‌లోనే ఉంటుంది, విండోస్‌లో లాగా విడిగా ఏసియో డ్రైవర్ (ఆడియోను ఆలస్యం లేకుండా చేరవేసే డ్రైవర్) కోసం వెతకక్కర్లేదు. ఎం వరుస చిప్‌లు బ్యాటరీ మీద కూడా అదే వేగంతో నడుస్తాయి. అయితే మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు. ఎండలో ఆరుబయట వాయించేటప్పుడు వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో రెండు డెక్‌లతో వాయించేవారికి మాత్రం ఎయిర్ చక్కగా సరిపోతుంది. విండోస్‌కు అలవాటుపడిన చేయి అయితే దాన్నే ఎంచుకోండి, ఒక సాయంత్రం కూర్చుని సెట్టింగ్‌లు సరిచేసుకుంటే చాలు.

ఒక్క హెచ్చరిక. 2024 నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌తో విండోస్ లాప్‌టాప్‌లు వస్తున్నాయి. బ్యాటరీ బ్రహ్మాండం. ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కోసం రాసిన పాత ప్రోగ్రామ్‌లను అవి అనువదించుకుని నడపగలవు, డ్రైవర్లను మాత్రం అలా నడపలేవు. మీ కంట్రోలర్ కంపెనీ ఆ చిప్‌కు ప్రత్యేకంగా డ్రైవర్ ఇచ్చిందో లేదో చూడకుండా కొనవద్దు.

చాలామంది చిన్నచూపు చూసేవి పోర్టులు. చిన్న కంట్రోలర్లు కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే తీసుకుంటాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, 3.0 ఇచ్చేది 900. సొంత అడాప్టర్ లేని హబ్‌కు కంట్రోలర్, హార్డ్ డిస్క్, లైటు అన్నీ గుచ్చితే ఆ కొంచెం కరెంటునే అన్నీ పంచుకోవాలి. పాట మధ్యలో కంట్రోలర్ మాయమవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. కంట్రోలర్‌ను నేరుగా లాప్‌టాప్‌కే తగిలించండి. హబ్ తప్పదంటే సొంత అడాప్టర్ ఉన్నదే తీసుకోండి. ఛార్జింగ్ పోర్టు పోగా కనీసం రెండు పోర్టులు మిగలాలి. ఆ పోర్టులు వదులుగా ఉన్నాయేమో కేబుల్ కదిపి చూడండి, బేస్ అదురుకు వదులు కేబుల్ ఊడుతుంది.

కొన్న తర్వాత చేయాల్సినవి కొన్నే. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (కరెంటు ఆదాకు యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపేయండి. షో రోజున వైఫై, బ్లూటూత్, నోటిఫికేషన్లు, స్క్రీన్ సేవర్, స్లీప్ అన్నీ బంద్. అప్‌డేట్లను ముందే వాయిదా వేయండి, విండోస్ 11లో 5 వారాల దాకా ఆపుకోవచ్చు. మ్యాక్‌లో కొత్త వెర్షన్ రాగానే ఉత్సాహపడకండి. 2019లో క్యాటలీనా వచ్చినప్పుడు ఐట్యూన్స్ పోయింది, దాని ప్లేలిస్టుల మీద ఆధారపడిన డీజేలు చాలా ఇబ్బందిపడ్డారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ, కంట్రోలర్ కంపెనీ రెండూ సరేనన్నాకే మారండి. బఫర్‌ను 256 దగ్గర మొదలుపెట్టి, చిటపటలు వస్తే 512కు పెంచండి. టైమ్‌కోడ్ రికార్డుతో (సాఫ్ట్‌వేర్‌లోని పాటను తిప్పి ఆడించే ప్రత్యేక రికార్డుతో) స్క్రాచ్ చేసేవారికి 512 దగ్గర చేతికీ శబ్దానికీ మధ్య కాస్త ఆలస్యం అనిపిస్తుంది, ఫేడర్లతో (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలతో) మిక్స్ చేసేవారికి తేడానే తెలియదు.

ప్రశ్న: ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో బుయ్‌మని శబ్దం వస్తోంది, తీసేస్తే పోతోంది. లాప్‌టాప్ పాడైందా?

జవాబు: పాడవలేదు. లాప్‌టాప్, యాంప్లిఫయర్ వేర్వేరు చోట్ల ఎర్త్ అయినప్పుడు వాటి మధ్య ఆడియో కేబుల్ గుండా సన్నటి కరెంటు తిరుగుతుంది, దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకోండి, చాలావరకు పోతుంది. అప్పటికీ ఉంటే మిక్సర్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య డీఐ బాక్స్ (రెండిటి మధ్య ఎర్త్ కలవకుండా ఆడియోను మాత్రమే పంపే చిన్న పెట్టె) పెట్టండి. కొందరు ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేస్తారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. అది ప్రాణాలను కాపాడే పిన్ను.

ప్రశ్న: నా దగ్గర 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంది. పనికొస్తుందా?

జవాబు: హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, సిస్టమ్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి డీజే సాఫ్ట్‌వేర్ తప్ప ఏదీ పెట్టకండి. రెండు డెక్‌ల మిక్సింగ్‌కు హాయిగా సరిపోవచ్చు. స్టెమ్స్ మీద ఆశ వదులుకోండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని మెషిన్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం మంచిది. లేదంటే లైనక్స్ వేసి, దాని మీద నడిచే మిక్స్ (Mixxx) అనే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్ ప్రయత్నించండి. దాని పని నాకు చాలా నచ్చింది. మీ కంట్రోలర్ పేరు దాని జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి.

ప్రశ్న: ఎంత చేసినా స్టేజి మీద లాప్‌టాప్ ఆగిపోతే?

జవాబు: ఫోన్‌లో ముందే రికార్డు చేసిన గంట మిక్స్ ఒకటి ఉంచుకోండి. దాన్ని మిక్సర్‌లో ఖాళీగా ఉన్న చానల్‌కు కేబుల్‌తో కలిపి, వాల్యూమ్ సరిచూసి, ఫేడర్ కిందకు దించి పెట్టండి. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి. లాప్‌టాప్ రీస్టార్ట్ కావడానికి రెండు నిమిషాలు పడితే, ఈ ఫేడర్ పైకి నెట్టడానికి రెండు సెకన్లు చాలు.