ఖాళీ తేదీల మీదుగా గీసిన గీత

చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ నాన్నగారితో ఉన్న స్నేహం కొద్దీ నిన్ను నువ్వు అనే సంబోధిస్తున్నాను. నీ వ్యాసమూ, దానితో పాటు వారం వారం గణాంకాల కంప్యూటర్ భాష అయిన ఆర్‌లో వేసిన గ్రాఫులూ అన్నీ చూశాను. చెన్నైకి నీరిచ్చే పూండి జలాశయం గ్రాఫులో కండలేరు నుంచి కృష్ణా నీళ్లు వచ్చి చేరిన రోజులను గుర్తు పెట్టిన తీరు బాగుంది. అయితే నన్ను వెంటనే ఉత్తరానికి కూర్చోబెట్టింది దాని కిందనున్న చెంబరంబాక్కం గ్రాఫు.

చెన్నైని వరద ముంచెత్తిన 2015 చివరి నెలల్లో ఆ చెరువులో రోజువారీ నిల్వ ఎంతో చూపే నీలి గీత ఎక్కడా తెగకుండా సాగిపోయింది. నువ్వు జతపరచిన పట్టిక తెరిచి చూస్తే నవంబరు ఆఖరునా, డిసెంబరు మొదట్లోనా కొన్ని తేదీలకు అంకెలే లేవు. 3.645 టీఎంసీలు పట్టే ఆ చెరువు నుంచి డిసెంబరు 1 రాత్రి ఎంత నీరు ఎప్పుడు వదిలారన్న దాని మీద ఈ ఊళ్లో ఇప్పటికీ వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఆ అంకెలు మరొకరి దగ్గర ఉండవచ్చు, నీ పట్టికలో మాత్రం లేవు. లేనప్పుడు ఆ రోజుల మీదుగా గీత గీసే హక్కు నీకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఎలా జరిగిందో నీ కోడు చదివితే తెలిసిపోయింది. తేదీ ఉండి విలువ దగ్గర ఎన్ఏ, అంటే అంకె లేదన్న గుర్తు, ఉంటే ఆర్ లో గ్రాఫులు గీసే ప్యాకేజీ జీజీప్లాట్2 అక్కడ గీతను తెంచి చూపుతుంది. నువ్వు అంతకు ముందే డ్రాప్ ఎన్ఏ అని రాసి ఆ వరుసలను ఎత్తేశావు. వరుసే లేనప్పుడు గీత గీసే ఆదేశం జియోమ్ లైన్ అటూ ఇటూ మిగిలిన బిందువులను కలిపేస్తుంది, ఏ హెచ్చరికా రాదు. తేదీలు కూడా నమోదు కాని పట్టిక దొరికితే పట్టికలను సర్దే ప్యాకేజీ టైడీఆర్‌లోని కంప్లీట్‌తో రోజులన్నీ వరుసగా పేర్చుకుని, విలువ లేని చోట ఎన్ఏ వచ్చేలా చేసుకోవాలి. ఒక్క వరుస కోడుతో అయ్యే పని అది.

నువ్వు కొత్త మందుల పరీక్షల గణాంకాలు చూసే ఉద్యోగంలో ఉన్నావు. అక్కడ ఒక రోగి మధ్యలో రావడం మానేస్తే ఎందుకు మానేశాడో రాయనిదే నివేదిక ముందుకు కదలదు. అంకె లేకపోవడానికీ, ఆ అంకె ఎంత ఉండేదన్న దానికీ సంబంధం ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలని గణాంక శాస్త్రవేత్త డోనాల్డ్ రూబిన్ 1976లో రాసిన పత్రం నీకు తెలియనిది కాదు. వరద వల్లే కొలత తీయలేకపోయి ఉంటే ఆ ఖాళీ వరద గురించే చెబుతుంది. ఆఫీసులో ఇంత నిష్ఠగా పాటించే నియమాన్ని, సరదాకి వేసే గ్రాఫు కదా అని ఇంట్లో వదిలేయడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

ప్రాణాలు పోయిన సందర్భం కూడా ఒకటి ఉంది. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు మరణించాక, విచారణ సంఘం తన నివేదికలో రెండు గ్రాఫులు ఇచ్చింది. ఓ-రింగులు, అంటే రాకెట్ అతుకుల్లో వేడి వాయువులు బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాలు, దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే చూపిన గ్రాఫులో చలికీ ఆ దెబ్బకీ సంబంధమేదీ కనిపించదు. ఏ దెబ్బా తగలని ప్రయోగాలను కూడా చేర్చిన గ్రాఫులో 63 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు తక్కువ వేడిమిలో జరిగిన నాలుగింటిలోనూ దెబ్బ ఉంది. 66 డిగ్రీలు, అంతకు పైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింట మాత్రమే ఉంది. ప్రయోగానికి ముందు రోజు రాత్రి జరిగిన చర్చలో అన్ని ప్రయోగాలనూ ఒకే చోట చూపే ఆ రెండో గ్రాఫు ఎవరి ముందూ లేదు.

1991 జనగణన లెక్కలు వెలువడిన రోజుల్లో ఒక తెలుగు వారపత్రికకు రాష్ట్రాల జనాభా మీద వ్యాసం రాశాను. అప్పట్లో ట్రేసింగ్ పేపరు మీద రోట్రింగ్ పెన్నుతో గ్రాఫు గీసి, తడి ఆరేదాకా చెయ్యి తగలకుండా కాచుకోవలసి వచ్చేది. ఆందోళన కారణంగా 1981లో అస్సాంలో జనగణన జరగలేదు కనుక, ఆ రాష్ట్రం గీతను 1971 నాటి 1 కోటి 46 లక్షల దగ్గర ఆపేసి, 1991 నాటి 2 కోట్ల 24 లక్షల చుక్కను విడిగా పెట్టి, నడుమ ఖాళీలో ‘జనగణన లేదు’ అని నిలువుగా రాశాను. పాఠకులు అచ్చుతప్పు అనుకుంటారని సంపాదకుడు ఆ అక్షరాలు చెరిపించి, ఆర్టిస్టు చేత గీత కలిపించాడు. అచ్చయిన ప్రతిలో కలిపిన మేర గీత మిగతా దానికన్నా లావుగా కనిపిస్తుంది. ఒక రాష్ట్రం అట్టుడికిపోయిన కాలాన్ని నున్నటి ఏటవాలు గీతగా మార్చిన ఆ మనిషి మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. పారితోషికం ఎంతో అవసరమైన రోజుల్లోనే ఆ పత్రికకు రాయడం మానేశాను.

ఇప్పుడు మీ తరం వాళ్లకు అడ్డుపడే సంపాదకుడు ఎవరూ లేరు, అయినా అదే పని మీరే చేసుకుంటున్నారు. టైడీ ట్యూస్‌డే పేరుతో 2018 నుంచి మంగళవారం మంగళవారం ఒక డేటా విడుదలవుతోంది, దాని వల్ల ఎందరో ఆర్ నేర్చుకున్నారు, మంచిదే. కానీ ఆదివారంలోగా అందంగా ఏదో ఒకటి పెట్టేయాలన్న తొందరలో, డేటాతో పాటు ఇచ్చే వివరణ చదవకుండానే రంగులు ఎంచుకోవడం మొదలుపెడుతున్నారు. నువ్వు అడిగిన రంగుల సంగతీ, యానిమేషన్ సంగతీ, వీటన్నిటినీ పుస్తకంగా తెస్తే ఎలా ఉంటుందన్న సంగతీ ఇప్పుడు మాట్లాడను.

చెంబరంబాక్కం గ్రాఫు మళ్లీ వేయి. అంకెలు లేని తేదీల వెనుక లేత బూడిదరంగు పట్టీ వేసి, ఎందుకు లేవో తెలిస్తే కారణం, తెలియకపోతే తెలియదనీ ఆ పట్టీ మీదనే రాయి. గ్రాఫు అడుగున సన్నని అక్షరాల్లో దాచిపెట్టవద్దు.

తెలుగు శీర్షికలో ఒత్తులు విడిపోతున్నాయని అడిగావు. గ్రాఫుల్లో ఫాంట్లు వాడేందుకు ఉన్న షోటెక్స్ట్ ప్యాకేజీ అక్షరాలను విడివిడిగానే పెడుతుంది కనుక మన లిపికి పనికిరాదు. నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టుకుని, ర్యాగ్ ప్యాకేజీతో పీఎన్‌జీగా భద్రపరిస్తే ఒత్తులు సరిగా కూర్చుంటాయి. ఈసారి బొమ్మతో పాటు పట్టికనూ, కోడునూ కూడా పంపు.

నాన్నగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి