పడుగు లేని బట్టకు ఆది జాకెట్టు పనికిరాదు

సూదులతో నూలు గౌను అల్లుదామనుకుంటే అల్లిక నమూనాలోని 96 సెంటీమీటర్ల సైజు భుజాల దగ్గర జారిపోతోందనీ, 88 సైజు ముందు భాగంలో బిగిసిపోతోందనీ, తమకు చక్కగా నప్పే ఆది జాకెట్టు కొలతలు తీసుకుని నమూనాను మార్చుకుంటే సరిపోదా అనీ మీరు అడిగారు. సరిపోదు. నేను అదే పని చేసి నాలుగు నెలల శ్రమను విప్పుకున్నాను గనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా వారు సైన్యంలో ఉన్నప్పుడు పదకొండేళ్లు పంజాబులోనూ, హిమాచల్‌లోనూ కంటోన్మెంట్ క్వార్టర్లలో ఉన్నాము. అక్కడ చలికాలం వచ్చిందంటే ఆడవాళ్లందరూ ఎండలో మంచాలు వేసుకుని స్వెట్టర్లు అల్లుతూ కూర్చునేవారు. అల్లికలోని రెండు మూల కుట్లకు సీదా, ఉల్టా అన్న మాటలు నాకు వాళ్ల దగ్గరే అలవాటయ్యాయి, ఈనాటికీ వాటికి తెలుగు మాటలు నా నోటికి రావు. విజయనగరం వచ్చి స్థిరపడ్డాక ఊలుతో పని లేకుండా పోయింది. ఇక్కడి చలికి స్వెట్టరు పెట్టెలోంచి తీసేలోపే మాఘం వెళ్లిపోతుంది. అందుకే నూలు పట్టుకున్నాను. మన దుకాణాల్లో శీతాకాలం రెండు నెలలూ యాక్రిలిక్ ఉండలు తప్ప అల్లికకు పనికివచ్చే నూలు దొరకదు. విశాఖపట్నం వెళ్లి తెచ్చుకోవాలి, తెచ్చుకున్నప్పుడు ఉండల మీది రంగు లాటు నంబరు అన్నింటికీ ఒకటేనో కాదో చూసుకోవాలి. ఒకే రంగే కదమ్మా అని దుకాణదారు వేరే లాటు ఉండలు కలిపి ఇస్తే, గౌనుకు నడుము దగ్గర చార పడి జీవితాంతం కనబడుతూనే ఉంటుంది. ఈ విషయంలో మొహమాటపడవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను.

రెండేళ్ల కిందట పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి తొడుక్కోవాలని, మోకాళ్ల కిందికి వచ్చే లేత పసుపు గౌను అల్లాను. నాకు బాగా కుదిరిన ఆది జాకెట్టును బల్ల మీద పరిచి, టేపుతో కొలిచి, నమూనాలోని అంకెలను ఆ ప్రకారం మార్చుకున్నాను. కుట్లు, వరుసలు లెక్కచూసుకోవడానికి విడిగా చిన్న నమూనా ముక్క అల్లి కొలిచానే గాని దానిని తడపలేదు. గౌను పూర్తయిన రోజు భుజం నుంచి అంచు వరకు 98 సెంటీమీటర్లు ఉంది. నా ఎత్తు 152, కాబట్టి నేను కోరుకున్న పొడుగు సరిగ్గా అదే. పండుగ ముందు రోజు సాయంత్రం దానిని ఉతికి, డాబా మీద దండేనికి క్లిప్పులు పెట్టి ఆరవేశాను. కాసేపటికి మా అత్తగారు పైనుంచి పిలిచారు. "అమ్మీ, నీ గౌను నేలకి దిగిపోతంది, వేగిరం రా!" నేను వెళ్లేసరికి ముప్పాతిక కిలో నూలు, అది తాగిన నీళ్లు కలిసి గౌనును కిందికి లాగుతున్నాయి. మర్నాటికి ఆరిన తరువాత కొలిస్తే 111 సెంటీమీటర్లు ఉంది. అంచు చీలమండలకు నాలుగు వేళ్ల పైదాకా దిగింది, నడుము కోసం తగ్గించిన కుట్లు తుంటి మీదికి జారాయి, ముందు భాగం మాత్రం ఛాతీ మీద ఎత్తుకుని పైకి లేచింది. చీర కట్టుకునే వెళ్లాను. సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టిన పొడుగాటి మాను, అమ్మవారి చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరిగినంత సేపూ, అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటూ కూడా, ఎక్కడ తప్పు చేశానా అన్న ఆలోచనే నన్ను వదలలేదు.

తప్పు ఎక్కడో మా అత్తగారే చెప్పారు. ఆవిడ పుట్టిల్లు పొందూరు దగ్గర. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్ననూలు వడికే ఊరి పక్కన పెరిగిన మనిషికి నూలు సంగతి మనకన్నా తెలుస్తుంది. గౌనును రెండు చేతులతో అటూ ఇటూ సాగదీసి చూసి, "తానుకైతే పడుగూ పేకా పట్టి ఉంచుతాయి. దీనికి పడుగేదీ? ఒకటే దారం కదా, ఎటు లాగితే అటెళ్తాది" అన్నారు. పడుగంటే మగ్గం మీది నిలువు దారాలు, పేకంటే అడ్డ దారాలు. ఇన్నేళ్లు అల్లిన నాకు తట్టని విషయం అది. ఆది జాకెట్టు నేత గుడ్డతో కుట్టినది. నేత గుడ్డ సాగదు కనుక దర్జీ టక్కులు పెట్టి, ముక్కలు కోసి, అందులో మన ఒంటి వంపులను ముందే దాచిపెడతాడు. బల్ల మీద పరిచి కొలిస్తే ఆ టక్కులలోని లోతు టేపుకు చిక్కదు. అల్లిన బట్టలో ఉన్నవి ఒకదానిలోంచి ఒకటి దూరిన ఉచ్చులు. ఊలు సాగినా మళ్లీ కొంత ముడుచుకుంటుంది, నూలుకు ఆ గుణం చాలా తక్కువ. కాబట్టి కొలతలు జాకెట్టువి గాక ఒంటివే తీసుకోవాలి. నమూనా ముక్కను కూడా గౌనును ఏ విధంగా ఉతికి ఆరవేస్తారో ఆ విధంగానే ఉతికి, ఆరవేసి, ఆ తరువాతే కొలవాలి.

గౌనును విప్పి, నూలును చిలపలుగా చుట్టి, తడిపి, ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి 15 సెంటీమీటర్ల ముక్క అల్లి, ఉతికి, కింది అంచుకు నాలుగు క్లిప్పులు బరువుగా పెట్టి వేలాడదీశాను. ఉతకక ముందు 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 28 వరుసలు వచ్చాయి. ఆరిన తరువాత కుట్లు 22గానే ఉన్నాయి గాని వరుసలు 25 అయ్యాయి. అంటే 98 సెంటీమీటర్ల గౌనుకు నేను 274 వరుసలు అల్లాను, అల్లవలసినవి 245. పోయిన పండుగ మొత్తం ఆ 29 వరుసలలో ఉంది.

ఇక మీ సైజు విషయానికి వస్తాను. మీకున్న ఇబ్బందే నాకూ ఉంది. చంకల కిందుగా, ఛాతీకి పైన చుట్టుకొలత 88, ఛాతీ నిండుగా ఉన్నచోట 96. అలాంటప్పుడు పై కొలతను బట్టి 88 సైజే ఎంచుకోవాలని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే భుజాలు, మెడ, చంకలు పాడైతే వాటిని తరువాత సరిదిద్దడం చాలా కష్టం, ముందు భాగానికి చోటు కల్పించడం మాత్రం తేలిక. నా నమూనాలో 88 సైజు గౌను పూర్తయ్యాక ఛాతీ దగ్గర 93 వస్తుంది. నూలు గౌను ఒంటిని పట్టేయకూడదు గనుక నాకు 100 కావాలి. ఆ 7 సెంటీమీటర్లకు ముందు భాగంలోనే, చంకల కింద రెండు పక్కలా ఎనిమిదేసి కుట్లు పెంచి, నడుముకు చేరేలోగా తగ్గించాను. ఇది వెడల్పుకు మాత్రమే. పొడుగు సంగతి వేరు. భుజం నుంచి ఛాతీ మీదుగా నడుము వరకు నాకు 44, వీపున 39. నమూనాలో ముందూ వెనకా ఒకే పొడుగు, అందుకే నా మొదటి గౌను ముందు భాగం లేచింది. ఆ 5 సెంటీమీటర్లకు ముందు భాగంలో మాత్రమే 12 సగం వరుసలు అల్లాను, అంటే ఆరుసార్లు వెళ్లి రావడం. ప్రతిసారీ వరుసను చివరిదాకా అల్లకుండా ముందటి మలుపుకు మూడు నాలుగు కుట్లు ఇవతలే వెనక్కు తిరగాలి, తిరిగేటప్పుడు పక్క కుట్టుకు దారం చుట్టాలి, లేకపోతే చిల్లు పడుతుంది. ఆఖరి మలుపు ఛాతీ కొనకు 2, 3 సెంటీమీటర్ల ఇవతలే ఆగాలి, దాటితే బుట్టలా ఉబ్బుతుంది.

నడుము నుంచి తుంటికి లెక్క సులభం. నడుము 84కు 8 కలిపి 92 సెంటీమీటర్లు, అంటే 202 కుట్లు. తుంటి 104కు 6 కలిపి 110, అంటే 242 కుట్లు. తేడా 40. పెంచే వరుసలో రెండు పక్కలా కలిపి 4 కుట్లు పెరుగుతాయి గనుక అలాంటివి 10 కావాలి. నడుము నుంచి తుంటికి నాకు 20 సెంటీమీటర్లు, అంటే 50 వరుసలు. అయిదు వరుసలకు ఒకసారి పెంచాను.

కొలతలు మీకు మీరుగా తీసుకోకండి, చేయి ఎత్తగానే టేపు వంకరవుతుంది. నాకు మా తోటికోడలు తీసింది. తుంటి కొలత పైకి చెప్పడానికి మన ఆడవాళ్లు సిగ్గుపడి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించి చెబుతారు, దర్జీ దుకాణంలో నలుగురి ముందు కొలత గట్టిగా చదివే అలవాటు వల్లనే ఈ సిగ్గు పట్టుకుందని నేను నమ్ముతున్నాను. తగ్గించి చెప్పిన ప్రతి సెంటీమీటరూ గౌను మీద అడ్డ ముడతగా కనబడుతుంది. 104 అన్నది వరుసలు లెక్కకట్టుకోవడానికి అవసరమైన అంకె, అంతకు మించి దానిలో ఏమీ లేదు.

మీరు చూస్తున్న నమూనా అమెరికాదైతే సూది నంబరు దగ్గర ఆగండి. మన దగ్గర దొరికే సూదులపై పాత ఇంగ్లండు నంబర్లు ఉంటాయి. మన 8 నంబరు సూది మందం 4 మిల్లీమీటర్లు, 6 నంబరుది 5. అమెరికాలో సరిగ్గా తిరగబడి, 6 నంబరు 4 మిల్లీమీటర్లు, 8 నంబరు 5. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసుకోండి.

వీలైతే పైనుంచి కిందికి గుండ్రంగా అల్లే నమూనా తీసుకోండి. కుట్లను పాత దారం మీదికి ఎక్కించి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తొడుక్కుని చూసుకోవచ్చు. ఛాతీ దాటాక ఒకసారి, తుంటి దగ్గర ఒకసారి తప్పకుండా చూడండి. నా రెండో గౌను ఇప్పటికి పదిసార్లయినా ఉతికాను. నీళ్లు పిండకుండా తువ్వాలులో చుట్టి అద్ది, నీడలో నవారు మంచం మీద పరుస్తాము. మా అత్తగారే దగ్గరుండి అంచులు సర్దుతారు. మొన్న కొలిస్తే 99 ఉంది.