కారు స్టార్ట్ కాని నిమిషం

అమ్మాయీ,

నీ క్రైమ్ కథ రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే ముగ్గుర్ని లేపేశావు. వాన, సిగరెట్ పొగ, నుదుటి మీదికి లాక్కున్న టోపీ, అన్నీ ఉన్నాయి. టెన్షన్ మాత్రం లేదు. పాత గ్యాంగ్‌స్టర్ సినిమాలు, నోయిర్ అనే ఆ చీకటి నీడల నేర సినిమాలు, అన్నీ ఫోన్లోనే చూశానన్నావు. తేడా అక్కడే కొట్టిందేమో.

నా పాతికేళ్ల వయసులో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు ‘డబుల్ ఇండెమ్నిటీ’ వేశారు. బిల్లీ వైల్డర్ 1944లో తీసింది. హాల్లో సగం ఫ్యాన్లు తిరగట్లేదు, కుర్చీల నిండా నల్లులు. కథ లాస్ ఏంజెలెస్‌లో. ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు, ఒకావిడ కలిసి ఆవిడ మొగుణ్ణి చంపుతారు. చంపుతున్నంతసేపూ కెమెరా చచ్చేవాడి వైపు తిరగదు. స్టీరింగ్ ముందు కూర్చున్న ఆవిడ మొహం మీదే ఉంటుంది. తర్వాత శవాన్ని రైలు పట్టాల మీద పడేసి కారెక్కుతారు. ఆవిడ స్టార్ట్ చేస్తుంది. కాదు. మళ్లీ చేస్తుంది. కాదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నా పక్క సీట్లో పంచె కట్టుకున్న ఒక పెద్దాయన. అప్పటిదాకా ‘పాపిష్టి ముండాకొడుకు’ అని ఏజెంటుని తిడుతూనే ఉన్నాడు. కారు మొరాయించగానే కుడికాలు నేలకేసి గట్టిగా తొక్కాడు, యాక్సిలరేటర్ తన కాలి కిందే ఉన్నట్టు! హంతకులు తప్పించుకోవాలని హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. నేనూ అంతే. చీకట్లో రెండొందల మందితో కలిసి నేరంలో పాలు పంచుకోవడం ఐదంగుళాల తెరమీద కుదరదమ్మా.

ఆ సీను ఎలా పుట్టిందో తెలుసా? షూటింగ్ అయ్యాక వైల్డర్ సొంత కారే మొరాయించిందట. ఆ సీను అలా మళ్లీ తియ్యాలని వెంటనే సెట్‌కి పరిగెత్తాడట. మనకైతే మెకానిక్ మీద కోపమొచ్చేది.

ఇంకోటి గమనించు. ఆ సినిమా మొదలయ్యేదే ఏజెంటు నేరం ఒప్పుకోవడంతో. తుపాకీ దెబ్బ తగిలి, రాత్రిపూట ఆఫీసులో కూర్చుని మాటలు రికార్డు చేసే డిక్టేటింగ్ మెషిన్‌లో అంతా చెప్పేస్తుంటాడు. హంతకుడెవరో, దొరికిపోయాడో లేదో దాచలేదు. నువ్వేమో పదహారు పేజీలు దాచి, చివర్లో టపాకాయ పేల్చబోయావు. తడిసిపోయింది.

మాటల సంగతి. ఆ సినిమాకి మూలమైన నవల రాసిన జేమ్స్ కెయిన్ సంభాషణల్ని యథాతథంగా వాడుకుందామని వైల్డర్ నటుల చేత చదివించి చూశాడట, చప్పగా వచ్చాయట. అవి కంటికి రాసినవి, చెవికి కాదు అన్నాడట స్క్రీన్‌ప్లే రాస్తున్న రేమండ్ చాండ్లర్. నీ గ్యాంగ్‌స్టర్ మాటలు తలుపేసుకుని పైకి చదువుకో. సగం నువ్వే కొట్టేస్తావు.

అసలు మాటే అక్కర్లేని చోటు కూడా ఉంటుంది. 1949లో వచ్చిన ‘వైట్ హీట్’ చూశానన్నావుగా? జైలు భోజనశాలలో గ్యాంగ్‌స్టర్ వేషం వేసిన నటుడు జేమ్స్ కాగ్నీ తన తల్లి ఎలా ఉందో కనుక్కోమంటాడు. ఆ ప్రశ్న ఒకడి చెవిలోంచి ఇంకొకడి చెవిలోకి బల్ల చివరిదాకా పోతుంది. తల్లి చచ్చిపోయిందన్న జవాబూ అలాగే వెనక్కొస్తుంది. ఆ గుసగుసలకంటే మొహాలే ఎక్కువ చెబుతాయి. వార్త అతని దగ్గరికి చేరేలోపు మనకి కడుపులో దేవుతుంది. నువ్వైతే అక్కడ ‘అతని గుండె బద్దలైంది’ అని రాసేదానివి, అవునా?

కథ తిరగరాసి పంపు. ముగ్గురొద్దు, ఒక్కణ్ణి చంపు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు హంతకుడికి తన చెప్పు ఒకటి లేదని తెలియాలి. అక్కణ్ణించి మొదలుపెట్టు.

ఉంటాను.