షింకన్‌సెన్ బుల్లెట్ ట్రైన్ ఎక్కే ముందు ఇది మీ అమ్మకి కూడా చదివి వినిపించు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ప్లాన్ చూశా. టోక్యోలో నాలుగు రోజులు మా ఇంట్లో, తర్వాత క్యోటో, అక్కణ్ణించి హిరోషిమా, మళ్ళీ టోక్యో. బాగుంది, ఏం మార్చక్కర్లేదు. నవంబర్ నెలాఖరు కాబట్టి క్యోటోలో ఆకులన్నీ ఎర్రగా ఉంటాయి, ఊరు నిండా జనం కూడా ఉంటారు. నాకు సెలవు దొరకలేదు, మీ ముగ్గురే వెళ్ళాలి అనేసరికి నాకు నిద్ర పట్టట్లేదు. ఇక్కడికొచ్చి 22 ఏళ్ళయింది, ఆ ట్రైన్ ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు, అయినా మీ అమ్మ మోకాళ్ళు, వెంట నీ ఐదేళ్ళ కొడుకు బుజ్జిగాడు, ఇవి తల్చుకుని ఇంత పొడుగున రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

ముందు మీ అమ్మ భయం సంగతి. మొన్న ఫోన్‌లో "అంత స్పీడులో పోతే నాకు కళ్ళు తిరుగుతాయేమోరా" అంటోంది. మా అక్కకి చెప్పు, టోక్యో నుంచి ఒసాకా వైపు వెళ్ళే ఈ లైన్ 1964 అక్టోబర్ 1న మొదలైంది, అప్పట్నించి ఇప్పటిదాకా షింకన్‌సెన్ పట్టాలు తప్పడం వల్ల గానీ ఇంకో రైలుని గుద్దుకోవడం వల్ల గానీ ఒక్క ప్రయాణికుడి ప్రాణం కూడా పోలేదు. గంటకి 285 కిలోమీటర్లు వెళ్తుంది గానీ లోపల కూర్చుంటే తెలీదు, కిటికీలోంచి దగ్గరున్న స్తంభాల్ని చూస్తేనే కళ్ళు తిరుగుతాయి, దూరంగా ఉన్న కొండల్ని చూస్తే ఏమీ కాదు. భూకంపం వస్తే కరెంటు ఆగిపోయి బండి దానంతటదే ఆగేలా ఏర్పాటుంది, అందుకని మధ్యలో ఎక్కడైనా ఆగినా కంగారు పడొద్దు, ఇంగ్లీషులో కూడా అనౌన్స్‌మెంట్ ఇస్తారు.

రైల్లో ఎక్కి కూర్చున్నాక మీకు ఏ ఇబ్బందీ ఉండదమ్మా, చూసుకోవాల్సిందంతా స్టేషన్లోనే.

అన్నిట్లోకీ ముఖ్యం సామాను. మీరు విమానానికి తెచ్చే పెద్ద సూట్‌కేసు పొడవు, వెడల్పు, మందం మూడూ కలిపితే 160 సెంటీమీటర్లు దాటితే, ఈ లైన్లో పెద్ద సామాను పెట్టుకునే చోటున్న సీటుని ముందే రిజర్వ్ చేసుకోవాలి, దానికి అదనంగా డబ్బులేం లేవు, కానీ చెప్పకుండా తెస్తే 1,000 యెన్‌లు కట్టమంటారు. విమానాల వాళ్ళ లెక్క మామూలుగా 158 కాబట్టి మీది రూలు ప్రకారం సరిపోవచ్చు, సరే, కానీ ఆ 23 కిలోల పెట్టెని ఎత్తి పైన ర్యాకులో ఎవరు పెడతారు? నువ్వా, మీ అమ్మా? అందుకే పెద్ద పెట్టెల్ని అసలు రైలెక్కించొద్దు. ఇక్కడ తక్యూబిన్ అని సామాను చేరవేసే సర్వీసు ఉంటుంది, నల్ల పిల్లి తన పిల్లని నోట కరుచుకుని వెళ్ళే బొమ్మ వేసుంటుంది, మా వీధి చివర కన్వీనియెన్స్ స్టోర్‌లో ఇచ్చేస్తే మర్నాటికి క్యోటో హోటల్‌కి చేరుతుంది, పెట్టెకి రెండు మూడు వేల యెన్‌లు అవుతుంది. ఒకరోజు ముందే పంపేద్దాం. హోటల్ బుకింగ్ ఏ పేరు మీద ఉందో ఆ పేరే రాయాలి, మీరు దిగే తారీఖు కూడా. అక్క బీపీ మాత్రలు, పాస్‌పోర్టులు, బుజ్జిగాడి ఒక జత బట్టలు మాత్రం చేతి సంచిలో ఉండాలి, అవి పెట్టెలో పెట్టి పంపావంటే ఊరుకోను.

ఇక పాస్ గురించి అడిగావు. మీ ఫ్రెండ్స్ అందరూ కొనుక్కున్నారంటే అది పాత సంగతి. జేఆర్, అంటే జపాన్ రైల్వే, రైళ్ళలో ఏడు రోజులు తిరిగే పాస్ ఒకప్పుడు 29,650 యెన్‌లు, 2023 అక్టోబర్‌లో ఒక్కసారిగా 50,000 చేశారు. మీ దారికి విడిగా టికెట్లు కొంటే టోక్యో నుంచి క్యోటో సుమారు 14,000, క్యోటో నుంచి హిరోషిమా 11,000 పైచిలుకు, హిరోషిమా నుంచి టోక్యో దగ్గర దగ్గర 20,000, అన్నీ కలిపినా పాస్ ధర రాదు. పైగా పాస్ ఉన్నా నొజోమి ఎక్కాలంటే మళ్ళీ వేరే డబ్బు కట్టాలి. కాబట్టి వద్దు.

నొజోమి అంటే ఏంటంటావేమో. ఈ లైన్లో మూడు రకాల బళ్ళు, నొజోమి, హికారి, కొడామా, అంటే ఆశ, వెలుగు, ప్రతిధ్వని. నొజోమి క్యోటోకి రెండుంపావు గంటల్లో వెళ్ళిపోతుంది, హికారి ఇంకో అరగంట ఎక్కువ, కొడామా ప్రతి స్టేషన్లో ఆగుతుంది, చిన్నపిల్లాడితో దాని జోలికి పోకు. పేరు చూడు, నంబర్ చూడు, రెండూ టికెట్ మీదున్నట్టే ప్లాట్‌ఫామ్ బోర్డు మీద ఉండాలి. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మీ అమ్మమ్మ ఇక్కడికొచ్చినప్పుడు మా బండి కంటే కొన్ని నిమిషాల ముందొచ్చిన బండిని మాదే అనుకుని ఎక్కించేశా, ఒక్కోసారి మూడు నిమిషాలకో నొజోమి ఉంటుంది ఈ లైన్లో, చూడ్డానికి అన్నీ ఒకేలా తెల్లగా 16 పెట్టెలతో ఉంటాయి. కూర్చున్నాక ఆ సీట్ల వాళ్ళు టికెట్లతో వచ్చారు. సంచులు మోసుకుంటూ పెట్టె తర్వాత పెట్టె దాటుకుంటూ రిజర్వేషన్ లేని పెట్టె దాకా నడిచాం, అక్కడా ఖాళీ లేదు, ఓ ముసలాయన లేచి సీటిచ్చేదాకా మా అమ్మ రాడ్డు పట్టుకుని నిలబడే ఉంది. ఒక్క మాట అనలేదు నన్ను. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అదే బండి తప్పిపోతే మాత్రం అంత భయం లేదు, మామూలు టికెట్ అయితే ఆరోజే తర్వాతి బళ్ళలో రిజర్వేషన్ లేని పెట్టెలో వెళ్ళనిస్తారు. యాప్‌లో తక్కువ ధరకి ముందే కొనే డిస్కౌంట్ టికెట్లకి ఇది కుదరదు, అందుకని పెద్దావిడతో వెళ్ళేటప్పుడు ఆ డిస్కౌంట్ మీద ఆశ పెట్టుకోకు.

సీట్లు ఇలా తీసుకో. ఒక పక్క ఏ, బీ, సీ, ఇంకో పక్క డీ, ఈ. ఫ్యూజీ కొండ కనిపించేది 'ఈ' వైపు, అటు వెళ్ళేటప్పుడూ అంతే, తిరిగొచ్చేటప్పుడూ అంతే. అక్కని 'ఈ'లో కిటికీ పక్కన కూర్చోబెట్టు, బుజ్జిగాణ్ణి 'డీ'లో, నువ్వు దారికి ఇవతల 'సీ'లో కూర్చుంటే వాడు నీ చెయ్యి అందేంత దూరంలోనే ఉంటాడు. వాడికి ఆరేళ్ళు నిండలేదు కాబట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే టికెట్ అక్కర్లేదు, విడిగా రిజర్వ్ సీటు కావాలంటే పిల్లల టికెట్ కొనాలి, పెద్దవాళ్ళ దాంట్లో సగం. సగం అయినా కొను తల్లీ, రెండుంపావు గంటలు వాణ్ణి మొయ్యలేవు. టోక్యోలో బయల్దేరాక 40, 45 నిమిషాలకి షిన్-ఫ్యూజీ స్టేషన్ దగ్గర కొండ బాగా కనిపిస్తుంది, ఫోన్‌లో అలారం పెట్టుకో, అయిదు నిమిషాల్లో దాటిపోతుంది. అప్పుడు వాణ్ణి వాడి అమ్మమ్మ ఒళ్ళోకి పంపు. పొద్దున్న బండి అయితే మబ్బు తక్కువ.

తిండి సంగతి నాకొదిలెయ్. ఈ లైన్లో మామూలు పెట్టెల్లో తోపుడు బండి మీద అమ్మడం 2023 అక్టోబర్‌తో ఆపేశారు, స్టేషన్లో అమ్మే ఎకిబెన్ అనే భోజనం డబ్బాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ అక్క తినదగ్గది దొరకడం కష్టం, కూర అనుకున్నదాంట్లో కూడా చేప మరిగించిన నీళ్ళు పోస్తారు. మీ అత్తయ్య పులిహోర, పెరుగన్నం కట్టిస్తుంది. షింకన్‌సెన్‌లో తినొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, అందరూ తింటారు. ఆవకాయ మాత్రం అక్కడ తియ్యకండి, పెట్టెంతా వాసనొస్తుంది. ఫోన్ మాట్లాడాలంటే తలుపుల దగ్గరికెళ్ళి మాట్లాడాలి. సీటు వెనక్కి వాల్చే ముందు వెనకాల వాళ్ళ వైపు తిరిగి కాస్త తల వంచితే చాలు. బుజ్జిగాడు మరీ పేచీ పెట్టినా, అక్కకి ఒంట్లో బాగోకపోయినా 11వ పెట్టెలో ఒక చిన్న గది ఉంటుంది, స్టాఫ్‌ని అడిగితే తెరుస్తారు.

టోక్యో స్టేషన్‌కి నేనొస్తా, ప్లాట్‌ఫామ్ టికెట్ తీసుకుని మీ పెట్టె దాకా వచ్చి ఎక్కిస్తా. క్యోటోలో మాత్రం మీరే దిగాలి, బండి ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది. నగోయా దాటాక దాదాపు 35 నిమిషాలకి క్యోటో. ఆఖరి ఏడెనిమిది నిమిషాలు ఉండగానే చెప్పులు, సంచి, వాడి జాకెట్ అన్నీ సర్దుకో, కానీ అక్కని మాత్రం బండి నెమ్మదించాకే లేపు. లిఫ్ట్ ప్రతి ప్లాట్‌ఫామ్ మీదా ఉంటుంది, ఎంత దూరమైనా దాంట్లోనే రండి, మెట్లు వద్దు. గేటులో టికెట్లు ఒక మనిషివి ఒకేసారి పెట్టాలి, రెండు కాగితాలుంటే రెండూ కలిపే. అవతల బయటికొస్తే తీసుకోవడం మర్చిపోకు. షింకన్‌సెన్ గేట్లు హచిజో వైపు ఉంటాయి, సిటీ బస్సులూ క్యోటో టవరూ దాని అవతల కరసుమా వైపు. మీ హోటల్ ఏ వైపో ఇవ్వాళే చూసుకో, ఆ స్టేషన్‌ని అడ్డంగా దాటాలంటే అక్కకి బోలెడు నడక.

టికెట్లు నేను యాప్‌లో తీస్తా, ప్రింట్ తీసి చేతికిస్తా. ముందు నువ్వొక పని చెయ్యి, పెట్టెలు రెండూ టేపు పెట్టి చక్రాలు, హ్యాండిల్‌తో సహా కొలిచి ఈ రాత్రికి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ మావయ్య