విమానాల కంపెనీ పెడతానన్న చిన్నికి

చిన్నీ,

విజయవాడ నుంచి ఏటీఆర్‌లు, అదే ఆ చిన్న ప్రొపెల్లర్ విమానాలు, నడుపుతానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింటి పిల్లకి అంత గుండె ఉందని పొంగిపోయాను. కానీ అదే ఊళ్లో 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో మూతపడింది, తల్లీ.

ప్రభుత్వం అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే పర్మిట్ సంగతి కన్సల్టెంట్లు చూసుకుంటారు. చిన్న ఊళ్ల రూట్లకి కేంద్రం ఇచ్చే ఉడాన్ సబ్సిడీ మూడేళ్లే, నాలుగో ఏడాది లెక్క ఇప్పుడే వేసుకో. హైదరాబాద్ రూటు జోలికి పోకు, వందేభారత్ నాలుగైదు గంటల్లో దించేస్తుంది.

నా భయమల్లా ఎదగాలన్న తొందరలో కింగ్‌ఫిషర్ బాట పడతావేమోనని. అప్పట్లో విదేశాలకు ఎగరాలంటే ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉండాలి. 2005లో మొదలైన కింగ్‌ఫిషర్ అంతవరకూ ఆగలేక, 2003 నుంచి ఎగురుతున్న ఎయిర్ డెక్కన్‌లో 2007లో వాటా కొంది. ఇద్దరి దగ్గరా ఎయిర్‌బస్‌లు, ఏటీఆర్‌లే. కాగితం మీద చక్కగా కుదిరింది. కుదరనిది ప్రయాణికుడి దగ్గర. డెక్కన్ ఎక్కేవాడు చవకని చూసి ఎక్కేవాడు. 2008లో దానికి కింగ్‌ఫిషర్ రెడ్ అని పేరు మార్చి, భోజనం పెట్టి, రేటు పెంచారు. ఇడ్లీ బండి కొని స్టార్ హోటల్ మెనూ తగిలించినట్టు! ఆ జనం ఇండిగోకి మళ్లారు. అదే ఏడాది జూలైలో ముడి చమురు పీపా 147 డాలర్లు తాకింది. అప్పు మీద అప్పు పేరుకుని 2012 అక్టోబరులో విమానాలు నేలకి దిగాయి. ఇంత చదువుకున్నావు, ఎవరో మూసుకుంటున్న కంపెనీ చవగ్గా వస్తోందంటే మాత్రం ఎగబడకు!

టికెట్ రేటు నీ చేతిలో ఉండదు. నీ రూటు నిండుతోందని తెలిస్తే చాలు, ఇండిగో కూడా ఏటీఆర్ దించుతుంది. 2017 చివరి నుంచి వాళ్లకీ ఉన్నాయవి. ఖర్చూ నీ చేతిలో ఉండదు. విమాన ఇంధనం ఏటీఎఫ్ జీఎస్టీలో లేదు, రాష్ట్రానికో వ్యాట్. వచ్చేది రూపాయల్లో, లీజు అద్దె డాలర్లలో. ఇంజన్ చెడి విమానం ఆగినా అద్దె ఆగదు. గో ఫస్ట్ ఎయిర్‌లైన్ 2023 మేలో ఆగిపోవడానికి ఇంజన్ల కొరతే కారణమని చెప్పుకుంది. అందుకే ఒకటే రకం విమానం పెట్టుకో. నాలుగు తెస్తే మూడింటికే షెడ్యూల్ వెయ్యి, నాలుగోది స్పేర్. ఆర్నెల్ల అద్దె విడిగా ఉంచు.

లీజు మీద సంతకం పెట్టకముందే డ్రాఫ్ట్ పంపు. విమానం తిరిగి అప్పగించేటప్పుడు ఇంజన్, ల్యాండింగ్ గేర్ ఏ స్థితిలో ఉండాలో రాసిన పేజీలు ముందు పంపు. ముందు ముందు మరమ్మతుల కోసమని ఎగిరిన గంటకింతని లీజుదారుకి కట్టే మెయింటెనెన్స్ రిజర్వు వెనక్కి ఎప్పుడిస్తారో అడిగి రాయించుకో. వేళకి తిను.

ఆశీస్సులతో,
పెదనాన్న