హోటల్ హాల్లో కట్టించుకున్న ఫీజు

ప్రశ్న: మా అబ్బాయి బీకామ్ ఫైనల్ ఇయర్. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన చూసి, 499 రూపాయలు కట్టి హైదరాబాద్‌లో ఒక హోటల్లో జరిగిన ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధరలు పెరుగుతాయా, తగ్గుతాయా అనే అంచనా మీద చేసే ఒప్పందాలు) వర్క్‌షాప్‌కి వెళ్లాడు. ఆ సాయంత్రమే 85 వేల కోర్సులో చేరిపోయి వచ్చాడు. పదివేలు ఫ్రెండ్ దగ్గర అప్పు చేసి కట్టాడట, మిగతాది ఈఎంఐ. ఇక ఉద్యోగం అక్కర్లేదు, నెలకు లక్ష సంపాదిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఈఎంఐ సంగతి చూడండి, దానికి టైమ్ తక్కువ. ఇలాంటి చోట ఈఎంఐ అంటే చాలాసార్లు ఏదో ఫైనాన్స్ కంపెనీ మీ అబ్బాయి పేరు మీద ఇచ్చిన లోనే. ఆ డబ్బు కోర్సు వాళ్లకు ముందే వెళ్లిపోతుంది. క్లాసులకు వెళ్లడం మానేసినా అప్పు ఆగదు, కట్టకపోతే మీవాడి సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. యాప్ ద్వారా తీసుకున్న లోన్‌కు ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆలోపు అసలు, ఆ కొద్దిరోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఆ గడువు ఒక్క రోజే కూడా కావచ్చు. దాటిపోయి ఉంటే కోర్సు రద్దు చేసి డబ్బు తిరిగివ్వమని సంస్థకూ, ఫైనాన్స్ కంపెనీకీ ఇవాళే ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో మాట్లాడితే సాక్ష్యం మిగలదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి.

ఇక అబ్బాయి. దయచేసి తిట్టకండి. ఆ హాల్లో ఏం జరుగుతుందో నా దగ్గరికి వచ్చే పిల్లలు చెబుతూనే ఉంటారు. పొద్దున్నుంచీ తెరమీద లాభాల స్క్రీన్‌షాట్లే, నష్టం వచ్చినది ఒక్కటీ కనపడదు. మధ్యాహ్నం అయ్యేసరికి "మీ నాన్న జీవితాంతం కష్టపడి ఏం సంపాదించాడు?" అని మొదలుపెడతారు. సాయంత్రం రెండు లక్షల కోర్సు "ఈ హాల్లో ఉన్నవాళ్లకే, మొదటి 20 మందికే" అంటూ 85 వేలకు దిగుతుంది. ఇంట్లో అడిగి చెప్తానంటే, "సొంత నిర్ణయం తీసుకోలేనివాడివి ట్రేడింగ్ ఏం చేస్తావ్?" అని అందరి ముందూ అనేస్తారు. ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉన్న కుర్రాడు అక్కడ కాదనడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇంటికొచ్చి నిద్రపోయి లేస్తే మనసు మారుతుందని వాళ్లకు బాగా తెలుసు, ఆ తొందరంతా అందుకే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో ట్రంప్ యూనివర్సిటీ పేరుతో నడిచిన రియల్ ఎస్టేట్ సెమినార్లూ ఇలాగే సాగాయి. మొదటి క్లాసు ఉచితం, తర్వాత మూడు రోజులకు 1,495 డాలర్లు, ఆపైన దాదాపు 35 వేల డాలర్ల దాకా ప్యాకేజీలు. కోర్టు ద్వారా బయటికొచ్చిన సిబ్బంది మాన్యువల్‌లో, హాల్లో ఉష్ణోగ్రత 68 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే మన 20 సెల్సియస్ దగ్గర ఉంచాలని కూడా రాసుంది! క్రెడిట్ కార్డు లిమిట్ పెంచుకోమని అక్కడికక్కడే చెప్పేవారని న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆరోపించారు. చివరికి 2016లో ట్రంప్ తప్పు ఒప్పుకోకుండానే 2.5 కోట్ల డాలర్లకు రాజీపడ్డారు.

మీవాడితో కూర్చుని ఒక లెక్క చూడండి. షేర్ మార్కెట్లను నియంత్రించే ప్రభుత్వ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. సగటు నష్టం ఒక్కొక్కరికి సుమారు 2 లక్షలు. నెలకు లక్ష వస్తుందని అరచేతిలో వైకుంఠం చూపించిన మనిషిని, ట్రేడింగ్‌లో సంపాదిస్తున్నారా, ఫీజుల్లో సంపాదిస్తున్నారా అని మీవాడినే అడగమనండి. ట్రేడింగ్ ఖాతా పూర్తి సంవత్సరం స్టేట్‌మెంట్ చూపించమనాలి. ఏ షేరు కొనాలో చెబుతామంటే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సెబీ వెబ్‌సైట్లో సరిచూడాలి. చదువు మాత్రమే చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలు కూడా వాడకూడదని 2025 జనవరిలో సెబీ స్పష్టం చేసింది.

మార్కెట్ మీద ఇష్టాన్ని మాత్రం చంపకండి, బీకామ్ చదివినవాడికి అది మంచి రంగమే. సెబీ పెట్టిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం నిర్వహించే సెబీ ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్ష ఉచితం. ముందు అది రాయనివ్వండి. నచ్చితే డిగ్రీ అయ్యాక రీసెర్చ్ అనలిస్ట్ (కంపెనీలను, షేర్లను విశ్లేషించే ఉద్యోగం) పరీక్షకు చదవొచ్చు. బ్రోకింగ్ సంస్థల్లో, మ్యూచువల్ ఫండ్ ఆఫీసుల్లో చిన్న జీతంతోనైనా చేరితే, మార్కెట్ ఎలా నడుస్తుందో సొంత డబ్బు పోగొట్టుకోకుండానే నేర్చుకుంటాడు. ఫ్రెండ్‌కు ఇవ్వాల్సిన పదివేలు మాత్రం ఇప్పుడు మీరే ఇచ్చేయండి, మొదటి జీతంలో తిరిగివ్వమని చెప్పండి.