పెయింట్ వేయడానికి విమానం ఎక్కాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. వేరే దేశంలో పల్లెటూరి బడికి వెళ్లి గదులో, మరుగుదొడ్లో, నీళ్ల పంపులో బాగుచేసే వాలంటీర్ పని గురించి. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈ సంచికలో వీటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఆఫ్రికాలో ఒక పల్లె బడికి రెండు వారాలు వెళ్లి తరగతి గది కట్టే ప్రోగ్రాం చూశాను. టికెట్ కాకుండా వాళ్లకి కట్టాల్సిన ఫీజే బోలెడుంది. ఇంట్లో వాళ్లేమో "డబ్బిచ్చి మరీ కూలిపని చేస్తావా" అని నవ్వుతున్నారు. వెళ్లాలా, వద్దా?

జవాబు: వెటకారంగా అన్నా మీ ఇంట్లో వాళ్లు అసలు పాయింటే పట్టుకున్నారు. ఆ ఊళ్లో గోడ కట్టడం వచ్చిన మేస్త్రీ ఉంటాడు, ఇటుకలు మోసేవాళ్లుంటారు, పని దొరక్క ఖాళీగా తిరిగే కుర్రాళ్లూ ఉంటారు. లేనిదల్లా సిమెంటుకీ ఇనుముకీ ఆ మేస్త్రీ కూలికీ డబ్బు. అలాంటి చోటికి తాపీ పట్టుకోవడం రాని పదిమంది విమానంలో దిగితే వాళ్లకి వండిపెట్టడం, తిప్పడం, జబ్బు చేస్తే చూసుకోవడం ఊరి మీద పడతాయి. వాలంటీర్లు కట్టిన వంకర వరసల్ని వాళ్లు పడుకున్నాక మేస్త్రీలు విప్పి మళ్లీ కట్టిన సంగతి, వెళ్లొచ్చిన వాలంటీరే ఆలస్యంగా తెలుసుకుని బయటపెట్టిన ఉదంతం కూడా ఉంది.

ఇంకో సంగతి, నన్నడిగితే ఇదే పెద్దది. బడి గోడ పని నేర్చుకునే చోటు కాదండీ. 2015 ఏప్రిల్ 25న నేపాల్లో భూకంపం వచ్చినప్పుడు వేల సంఖ్యలో బడులు కూలిపోయాయి, మట్టితో పేర్చిన రాతిగోడలైతే మరీను. ఆ రోజు శనివారం, అక్కడ బడులకి సెలవు, పిల్లలు లోపల లేరు. అదే ఇంకో రోజు అయ్యుంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా మనసొప్పదు. మూలల దగ్గర రెండు గోడల్ని కట్టిపట్టే ఇనుము, కిటికీల పైన గది చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీ, ఇలాంటివి ఉన్నాయా లేవా అన్నది ప్లాస్టరింగ్ అయ్యాక పైకి కనిపించదు. ఫోటోలో రెండు గోడలూ ఒకలాగే ఉంటాయి.

అందుకని ఫీజు కట్టే ముందు ఆ ఏజెన్సీకి ఫోన్ చేసి మొహమాటపడకుండా అడగండి: ఈ గది కావాలని ఎవరు అడిగారు, బడివాళ్లా మీరా? నేను కట్టే డబ్బులో ఆ ఊరికి చేరేదెంత? డ్రాయింగ్ మీద సంతకం పెట్టిన స్థానిక ఇంజినీరు ఎవరు? మూడు నాలుగేళ్ల కిందట మీరు కట్టిన బడి హెడ్‌మాస్టర్‌తో మాట్లాడిస్తారా? చివరి ప్రశ్నకి నీళ్లు నమిలితే ఇక ఆలోచించక్కర్లేదు. అన్నిటికీ సూటిగా జవాబులొచ్చి, మీకూ ఆ ఊరు చూడాలనుంటే శుభ్రంగా వెళ్లిరండి, కానీ దాన్ని ప్రయాణమని చెప్పుకోండి, సేవ అనకండి.

ప్రశ్న: నేను సివిల్ ఇంజినీర్‌ని, పదిహేనేళ్ల అనుభవం ఉంది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు విదేశంలో ఒక గ్రామీణ బడికి మరుగుదొడ్లు, మంచినీటి వసతి డిజైన్ చేసి దగ్గరుండి కట్టించమంటున్నారు. మూడు నెలలు సెలవు పెట్టగలను. ఏం చూసుకోవాలి?

జవాబు: మీలాంటి వాళ్లు వెళ్తానంటే నాకు అభ్యంతరం లేదు, వాళ్లే పిలిచారు, మీకు పని వచ్చు. లెక్క దగ్గర మొదలుపెడదాం. వనరులు తక్కువగా ఉన్న బడుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఆడపిల్లలకి 25 మందికి ఒక మరుగుదొడ్డి, మగపిల్లలకి 50 మందికి ఒకటి, దాంతో పాటు మూత్రశాల. గుంత మరుగుదొడ్డి అయితే బావికో బోరుకో కనీసం 30 మీటర్ల దూరం, గుంత అడుగు భూగర్భ నీటిమట్టానికి కనీసం మీటరున్నర పైన ఉండాలన్నది సహాయ సంస్థలు పాటించే మామూలు కొలత. నీటిమట్టం వేసవిలో చూసి లెక్కేస్తే వానాకాలంలో మునుగుతుంది, అది మీకు నేను చెప్పాలా.

కానీ మరుగుదొడ్డి పాడయ్యేది లెక్క తప్పి కాదు. తలుపుకి లోపల గొళ్లెం లేక ఆడపిల్లలు పొద్దున్నించి మంచినీళ్లే తాగకుండా కూర్చుంటారు. ప్యాడ్ పారేయడానికి మూత ఉన్న డబ్బా లేకపోతే ఆ నాలుగు రోజులు బడికే రారు. మగపిల్లల వరసకి ఎదురుగా ఆడపిల్లల తలుపు పెడితే ఎంత బాగా కట్టినా వాడరు. ఇంకోటి, కొత్తగా కట్టింది పాడవుతుందని భయపడి తాళం వేస్తారు, ఆ తాళంచెవి హెడ్‌మాస్టర్ టేబుల్ సొరుగులో ఉంటుంది, తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడే బయటికొస్తుంది. ఎందుకంటే కడిగే మనిషికి జీతం ఎవరూ పెట్టలేదు. మీ ఎస్టిమేట్‌లో కడిగే మనిషి జీతం, సబ్బు, నిండిన గుంత ఖాళీ చేయించే ఖర్చు ఎవరి ఖాతాలో పడతాయో రాసి సంతకాలయ్యేదాకా పునాది తవ్వొద్దు. డిజైన్ గీసేముందు ఒక పూట ఆడపిల్లలతో విడిగా కూర్చుని ఏం కావాలో అడగాలి. మీరు మగవారైతే ఆ పని అక్కడి టీచరమ్మ చేయాలి, మీరు గదిలో ఉండకూడదు.

నీళ్ల సంగతికొస్తే, రెండు కథలు గుర్తుపెట్టుకోండి. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లు తాగి జబ్బులొస్తున్నాయని 1970ల నుంచి లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేశారు, ఉద్దేశం బంగారం లాంటిది. ఆ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందని 1993లో బయటపడింది. లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అక్కడ చాలా బావుల్లో దానికి ఎన్నో రెట్లుంది. పైపు నుంచి తేటగా వస్తున్నాయని మురిసిపోకుండా ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా అన్నీ ల్యాబ్‌లో చూపించాకే పిల్లల చేతికి గ్లాసు ఇవ్వాలి.

రెండోది ప్లేపంప్. దక్షిణాఫ్రికా వైపు బడుల్లో పెట్టిన రంగులరాట్నం, పిల్లలు ఆడుతూ తిప్పితే నీళ్లు పైనున్న ట్యాంకుకి ఎక్కుతాయి. వినడానికే ఎంత ముద్దుగా ఉందో చూడండి! 2006లో అమెరికా ప్రభుత్వం, దాతలు పెద్ద నిధులు ప్రకటించారు, 2010 కల్లా 4000 పంపులన్నారు. పిల్లలకి విసుగొచ్చాక ఆ చక్రాన్ని ఊళ్లో ఆడవాళ్లు వంగి తోయాల్సి వచ్చింది, చెడిపోతే బాగుచేసేవాడు నెలల తరబడి రాలేదు. చెప్పినంత మందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని ఒక బ్రిటిష్ పత్రిక లెక్కగట్టింది. ఆ లక్ష్యం నెరవేరకుండానే కార్యక్రమం అటకెక్కింది.

మామూలు చేతిపంపే పెట్టినా ఏ రకమో చూసుకోండి. ఇండియా మార్క్ 2 గట్టి పంపే, ఆఫ్రికా అంతటా ఉంది, కానీ లోపల అరిగిన వాషరు మార్చాలంటే పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి, దానికి ప్రత్యేకమైన పనిముట్లు, నలుగురు మనుషులు కావాలి. అఫ్రిదేవ్ లాంటి రకంలో పైపులు అలాగే ఉంచి లోపలి పిస్టన్ ఒక్కటే బయటికి తీయొచ్చు, ఊళ్లో వాళ్లకే నేర్పొచ్చు. అయితే ఆ జిల్లాలో ఏ పంపు విడిభాగాలు దొరుకుతాయో అదే మంచి పంపు, పుస్తకంలో ఏది మేలని రాసున్నా సరే. మీ మూడు నెలల్లో ఆఖరి నెల కొత్తగా ఏమీ కట్టకుండా ఊరివాళ్ల చేతే పంపు విప్పించి బిగించడానికి ఉంచుకోండి.

ప్రశ్న: లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ఆరోగ్యం బాగానే ఉంది, పిల్లలు స్థిరపడ్డారు. డబ్బు ఎదురు కట్టకుండా వెళ్లే దారేమైనా ఉందా? ఈ వయసులో తీసుకుంటారా?

జవాబు: నిక్షేపంగా ఉందండీ టీచరుగారూ. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో పెట్టారు, కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. వెళ్లేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోరు, పైగా నెలనెలా బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు. పోటీ గట్టిగానే ఉంటుంది, అనుభవం చూస్తారు, కాబట్టి మీ వయసు అక్కడ లోటు కాదు. బ్రిటన్‌లో 1958లో మొదలైన వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్, అంటే వీఎస్‌వో కూడా పాతది, అక్కడి టీచర్లకి తోడుగా పనిచేసే అనుభవజ్ఞుల్ని పంపడం దాని పద్ధతి. అమెరికా వాళ్ల పీస్ కోర్ పేరు వినే ఉంటారు, 1961 నుంచి ఉంది, కానీ అది ఆ దేశ పౌరులకే.

ఏ దారిలో వెళ్లినా తరగతిలోకి పోయి పిల్లలకి మీరే పాఠం చెప్పే పని ఒప్పుకోకండి. మీరు ఆర్నెల్లు చెప్పి వచ్చేస్తే ఏడో నెలలో ఆ పిల్లలు మళ్లీ మొదటికొస్తారు. అక్కడి టీచర్ పక్కన కూర్చుని భిన్నాలు ఎలా చెప్తున్నారో చూసి, సాయంత్రం ఇద్దరూ కలిసి రేపటి పాఠం తయారుచేసుకోండి. ఇల్లు వదల్లేకపోతే ఐక్యరాజ్యసమితిదే ఆన్‌లైన్ వాలంటీర్ సేవ ఉంది, అనువాదం, పాఠాల తయారీ లాంటివి కుర్చీలోంచే చేయొచ్చు. చిన్నచూపు చూడకండి దాన్ని.

ప్రశ్న: టూరిస్ట్ వీసా మీద వెళ్లి బడిలో పనిచేస్తే ఎవరు పట్టుకుంటారు? జీతం తీసుకోవడం లేదు కదా.

జవాబు: జీతం లేకపోయినా పని పనే. నేపాల్లో టూరిస్ట్ వీసా మీద జీతం ఉన్న పనీ కుదరదు, లేని పనీ కుదరదు. ఇలాంటి నిబంధన ఇంకా చాలా దేశాల్లో ఉంది. మిమ్మల్ని వెనక్కి పంపడం ఒకటే కాదు, మిమ్మల్ని పెట్టుకున్న హెడ్‌మాస్టర్ మెడకి చుట్టుకుంటుంది. "అడిగితే టూరిస్టునని చెప్పండి" అనే ఏజెన్సీ అయితే అక్కడే దణ్ణం పెట్టేయండి.

ప్రశ్న: మా అమ్మాయి వెళ్లే సంస్థ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, ఇద్దరి రిఫరెన్సులు అడిగింది. పిల్లలతో ఫోటోలు పెట్టకూడదని సంతకం కూడా తీసుకుంది. సేవకి వెళ్లేవాళ్లని ఇలా అనుమానించడం ఏమిటి?

జవాబు: అమ్మా, మీరు టెన్షన్ పడాల్సింది అవి అడగనప్పుడు. ఎవరో తెలియని మనిషిని రేపు మన పిల్లల బడిలోకి పంపితే మనం ఊరుకుంటామా? ఆ సంస్థ మంచిదే, నిశ్చింతగా పంపండి.

ప్రశ్న: మా ఆఫీసులో పాత ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. పెరూలో ఒక కొండ ప్రాంతపు బడికి తీసుకెళ్లి ఇచ్చి, వారం ఉండి నేర్పి వద్దామనుకుంటున్నాం.

జవాబు: మీరు ఎంచుకున్న దేశంలోనే దీన్ని పెద్ద ఎత్తున చేసి చూశారు. పిల్లవాడికో ల్యాప్‌టాప్ అని అక్కడి ప్రభుత్వం లక్షల్లో పంచింది. 319 గ్రామీణ బడుల్ని పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో లెక్కల్లో గానీ భాషలో గానీ పిల్లల మార్కులు పెరిగినట్టు కనిపించలేదు. టీచర్లకి వాటితో ఏం చేయాలో చెప్పకపోవడం ఒక కారణం. మీ వారం రోజుల్లో అది తీరదు. పాత మెషిన్ల బ్యాటరీలు ఎలాగూ ఏడాదికి చచ్చిపోతాయి, ఆ చెత్త కొండ మీంచి ఎవరు దింపుతారు? ముందు ఆ హెడ్‌మాస్టర్‌కి ఉత్తరం రాసి రోజుకి కరెంటు ఎన్ని గంటలుంటుందో, కంప్యూటర్ చెప్పగల టీచర్ ఉన్నారో లేదో, అసలు వాళ్లు ల్యాప్‌టాప్‌లు అడిగారో లేక పైకప్పు రేకులు అడిగారో కనుక్కోండి. రేకులే అయితే వాటికి డబ్బు పంపండి, టికెట్ల ఖర్చు కూడా అందులో కలిపి.